అమలమ్మ పేరు మీద ఎర్రగీత

మా ఫౌండ్రీలో అందరూ నన్ను మంచివాడంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళ మీద కాదు, నా మీద నాకే. శౌరయ్య కూడా ఆ మాటే అంటాడు. అతను అన్నప్పుడు మాత్రం మండదు. తల దించుకుని, ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తాను. ఎందుకో చెప్పాలంటే అతని కథ చెప్పాలి. అతను చెప్పడు, మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు తిరుపతిరావు. బెజవాడలో భవానీపురం వైపు ఉన్న ఒక ఫౌండ్రీలో టైమ్ ఆఫీసు గుమాస్తాని. పాత ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, పంపుసెట్ల బాడీలు, రైసుమిల్లు చక్రాలు చేస్తాం. శౌరయ్య అందులో మౌల్డరు, అంటే అచ్చులు కట్టేవాడు. ఊరు కంకిపాడు దగ్గర ఒక పల్లె. తండ్రి పాలేరు, తాత పాలేరు. ఇతనొక్కడే చేను వదిలి పట్నం వచ్చి, బూడిదలోనూ ఇసుకలోనూ కూర్చుని పని నేర్చుకున్నాడు. అక్షరం ముక్క రాదు. చెయ్యి మాత్రం బంగారం.

ప్రతి మౌల్డరూ తన అచ్చులో ఒక గుర్తు పెట్టాలి. పోత చెడిపోయి వెనక్కి వస్తే అది ఎవరి చేతిదో తెలియడానికి. శౌరయ్య గుర్తు చిన్న శిలువ. ఆ శిలువ ఉన్న పోత వెనక్కి రావడం నేను నాలుగైదుసార్ల కంటే ఎక్కువ చూడలేదు. వచ్చినా దిగులుపడేవాడు కాదు. సమ్మెట తీసుకుని తానే పగలగొట్టి కొలిమి దగ్గర పడేసేవాడు. "ఇనుముకేముందండీ, మళ్ళీ కరిగిద్ది" అనేవాడు.

డెబ్బై ఒకటిలో మాకు కార్మిక బీమా వచ్చింది. వారం వారం కూలిలో కాస్త కోసి, యజమాని వాటా కలిపి, స్టాంపులు కొని ఒక్కొక్కరి కార్డు మీద అంటించాలి. ఆ అంటించే పని నాది. బదులుగా, జబ్బు చేస్తే బీమా డిస్పెన్సరీలో డాక్టరు చూస్తారు, మందులు అక్కడే ఇస్తారు, అవసరమైతే ఆసుపత్రిలో బీమావాళ్ళ కోసం విడిగా ఉంచిన మంచాల మీద చేర్చుకుంటారు. మొదట్లో మావాళ్ళు నమ్మలేదు. "నాలిక మీద తడిపి అంటిస్తే జొరం తగ్గుద్దా గుమాస్తాగారూ?" అని ఎగతాళి చేశారు. ఒకడికి పోత చింది కాలు కాలి, నెలరోజులు ఇంట్లో కూర్చున్నా సగం కూలి చేతికొచ్చాక నోళ్ళు మూతపడ్డాయి. సర్కారు చేసిన మంచిపనుల్లో అదొకటని నేను ఇప్పటికీ అంటాను.

కార్డుతోపాటు కుటుంబం వివరాలు రాసే కాగితం ఒకటి ఉండేది. పేరు, వయసు, చుట్టరికం, అంతే. ఫొటో లేదు. శౌరయ్యకు పిల్లల్లేరు. తల్లీతండ్రీ పోయారు. అతని కాగితంలో నేను రాసింది ఒకే ఒక్క పేరు: అమలమ్మ, ఇరవై ఎనిమిది, భార్య.

అమలమ్మను ఎరగనివాళ్ళు మా ఫౌండ్రీలో ఎవరూ లేరు. రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని, గేటు దాకా నడిచొచ్చేది. ఆమె వచ్చిందంటే ముందు నవ్వు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేది. నా గదిలోకి తొంగిచూసి, "ఏం బాబుగారూ, ఇయ్యాల కూడా మజ్జిగన్నమేనా? మా ఇంటో చేపల పులుసు. తినరుగా, మీ కర్మ" అని పోయేది. తినేవాణ్ణి కాదు. ఆ రోజుల్లో వాళ్ళింటి కూడు ముట్టే ధైర్యం కూడా నాకు లేదు. నా ధైర్యం సంగతి ముందు ముందు ఇంకా తెలుస్తుంది.

డెబ్బై మూడు వర్షాకాలంలో ఒక పొద్దున గేటు దగ్గర ఒకతను తడిసి నిలబడి ఉన్నాడు. శౌరయ్య తమ్ముడు జక్కయ్య. ఊళ్ళోనే ఉండి కూలికి వెళ్ళేవాడు. అతని భార్య మణెమ్మకు ఆరో నెల, పచ్చకామెర్లు ముదిరాయి. పసరు పోయించి, కట్లు కట్టించి, కళ్ళు పసుపుముద్దలయ్యాక బస్సులో పెద్దాసుపత్రికి తెచ్చాడు. అక్కడ మంచం లేదు. వరండాలో చాప మీద పడుకోబెట్టి, బయట కొనుక్కురమ్మని మందుల చీటీ చేతిలో పెట్టారు.

శౌరయ్య మట్టి చేతులతోనే నా గదిలోకి వచ్చాడు. "గుమాస్తాగారూ, మన కార్డు మీద తమ్ముడి పెళ్ళాన్ని చేర్చొచ్చాండీ?"

చేర్చకూడదు. భార్య, పిల్లలు, పోషణలో ఉన్న తల్లిదండ్రులు, అంతవరకే. ఒకే తల్లి కడుపున పుట్టినా, గేటు లోపల ఇనుము పోసే అన్నకు బీమా ఉంది, గేటు బయట వరి కోసే తమ్ముడికి లేదు. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కాని నాకు తెలివెక్కువ. ఆ తెలివిని తగలెయ్య.

"మీ ఆవిడ పేరు చెప్పి చేర్పించు. కార్డులో ఫొటో ఏమన్నా ఉందా? ఈమె మా కార్మికుడి భార్యేనని నేను సంతకం పెట్టి ఇస్తా" అన్నాను.

శౌరయ్య భయపడ్డాడు. క్యారేజీతో వచ్చిన అమలమ్మ అదంతా విని అతన్నే కసిరింది. "నా పేరేగా అడిగేది? ఇస్తే అరిగిపోద్దా? దాని కళ్ళు చూశావా నువ్వు? రాయండి బాబుగారూ."

రాశాను. ఫౌండ్రీ ముద్ర కూడా వేశాను. ఆ పూట నా అంత గొప్పవాడు లేడనుకున్నాను.

మణెమ్మకు మంచం దొరికింది. దుప్పటి, గ్లూకోజు, రోజూ డాక్టరు. కాని అప్పటికే ఆలస్యమైంది. మూడోరోజుకు మగతలోకి జారింది. నర్సు వచ్చి "అమలమ్మా, అమలమ్మా" అని గట్టిగా పిలిచేది. మణెమ్మ పలకలేదు. పక్కన కూర్చున్న అమలమ్మ రెండుసార్లు అలవాటుకొద్దీ "ఆఁ" అని, నాలిక కరుచుకుందట. పేరు పెట్టి పిలిచినా పలకడం లేదని నర్సు కాగితం మీద రాసుకుంది. జక్కయ్య మాత్రం ఎవరూ లేనప్పుడు చెవిలో "మణీ" అనేవాడు. అప్పుడు కనురెప్ప కదిలేదని అతను ఇప్పటికీ చెప్తాడు. ఆ కబురు డాక్టరుకు చెప్పే వీలు లేకపోయింది.

ఆరో రోజు పోయింది. కడుపులో బిడ్డ కూడా. జక్కయ్య "ఓ మణెమ్మా" అని బావురుమన్నాడు. శౌరయ్య తమ్ముడి నోరు చేత్తో మూశాడు. చచ్చిపోయిన పెళ్ళాన్ని పేరు పెట్టి ఏడవడానికి కూడా జక్కయ్యకు లేకుండా చేశాం. బండి ఊరి పొలిమేర దాటాకే గొంతెత్తి ఏడ్చాడట.

ఆసుపత్రి నుంచి చావు కాగితం ఒకటి మునిసిపాలిటీకి, ఒకటి డిస్పెన్సరీకి వెళ్ళాయి. అక్కడి గుమాస్తా హుమాయూన్ నాకు తెలిసినవాడే, నెమ్మదస్తుడు. నియమం ప్రకారం శౌరయ్య కుటుంబం కాగితం తీసి, అమలమ్మ పేరు మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత గీశాడు. పక్కన 'మరణించినది' అని రాసి తేదీ వేశాడు. నన్ను చూసి, "పాపం, మీ మౌల్డరు ఒంటరివాడయ్యాడండీ" అన్నాడు. ఔనన్నాను.

యజమాని కూడా శౌరయ్యను పిలిచి ఓదార్చాడు. మర్నాటి నుంచి అమలమ్మ గేటు దాకా రాకుండా సందు మలుపులో నిలబడి క్యారేజీ ఇచ్చేది. అసలు సంగతి తెలిసిన మౌల్డర్లు ఆమెను ఆటపట్టించేవారు. "అదిగో, దెయ్యం పులుసు తెచ్చింది" అనేవారు. ఆమె కొంగు నెత్తిన వేసుకుని, "నేను సచ్చినా మీ ఆకలి సావలేదుగా, మూతులు కడుక్కుని రండి" అని నవ్వేది. మేమూ నవ్వాం. మూడేళ్ళు నవ్వాం.

డెబ్బై ఆరు మొదట్లో ఆ నవ్వు తగ్గింది. రెండడుగులు వేస్తే ఆయాసం. సందు మలుపు దాకా రాలేక, దారిలో అరుగుల మీద కూర్చుంటూ వచ్చేది. క్యారేజీ చల్లారిపోయేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మూడుసార్లు తిరిగాక ఒక పెద్ద డాక్టరు గుండె విని చెప్పాడు. చిన్నప్పుడు నీళ్ళల్లో నాట్లు వేసే రోజుల్లో కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి ఉంటుంది, అది గుండెకు పట్టింది. రక్తం పోయే దారి బాగా సన్నబడింది, ఆపరేషను చేసి వెడల్పు చెయ్యాలి. ఇక్కడ కాదు, రాయవేలూరు పెద్దాసుపత్రిలో చేస్తారు. చేస్తే ఇంకా చాలా ఏళ్ళు బతుకుతుంది. చెయ్యకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టం.

"నువ్వు ఫౌండ్రీలో కదూ? బీమా ఉందిగా. మీ డిస్పెన్సరీ డాక్టరుతో రాయించుకో, వాళ్ళే పంపిస్తారు. నీకు దిగులెందుకు?" అన్నాడట ఆయన.

శౌరయ్య అది నాకు చెప్పి, తోడు రమ్మన్నాడు.

ఇద్దరం డిస్పెన్సరీకి వెళ్ళాం. హుమాయూన్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఒకే ఒక్క పేరు, దాని మీద ఎర్రగీత.

"ఆపరేషను ఎవరికండీ?" అన్నాడు.

"నా భార్యకండీ" అన్నాడు శౌరయ్య.

"ఆమె పోయి మూడేళ్ళయిందిగా?"

శౌరయ్య నా వంక చూశాడు. నేను గోడ మీద అంటించిన మశూచి బొమ్మ చూశాను. హుమాయూన్ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించాడు. "మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా? అయితే ఇబ్బందేం లేదు. కొత్త పేరు చేర్చొచ్చు. చర్చిలో పెళ్ళి కాగితం ఇస్తారుగా, అది తీసుకురండి. మిగతాది నేను చూసుకుంటా."

అంతా గ్రహించే ఆ దారి చూపించాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆ పూట మాత్రం ఇద్దరం పారిపోయినట్టు బయటికొచ్చాం.

శౌరయ్య తమ చర్చి విచారణ గురువు ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళాడు. పెళ్ళాం చేతికి మళ్ళీ ఉంగరం తొడుగుతాననీ, ఏదో ఒక పేరు రాసి కాగితం ఇప్పించమనీ అడిగాడు. ఆయన ముందు నవ్వారట, తర్వాత విషయం తెలిసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారట. "వివాహం ఒక్కసారేనయ్యా. ఉన్న పెళ్ళాన్ని లేదని రాయించావు, ఇప్పుడు లేని పెళ్ళాన్ని ఉందని నన్ను రాయమంటున్నావు. దేవుడి పుస్తకంలో నేను అబద్ధం రాయలేను" అన్నారు. అని ఊరుకోలేదు. "నిజం చెప్పండి. బీమా ఇన్స్పెక్టరు దగ్గరికి నేనూ వస్తాను. మీ ఇద్దరి పెళ్ళి రాసిన పుస్తకం మోసుకొస్తాను. సంతకం పెట్టిన ఆ గుమాస్తాగారిని కూడా రమ్మను" అన్నారు.

అమలమ్మ బతకడానికి ఆ నిజమొక్కటే దారి. ఆ నిజం నా సంతకం కింద ఉంది.

శౌరయ్య వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. తలపాగా చేతిలో పట్టుకుని నలుపుతున్నాడు. "ఫాదర్‌గారు వస్తానన్నారండీ. తమరు కూడా వచ్చి, ఆ రోజు పేరు మార్చి రాశామని ఒక్క మాట చెప్తే చాలంట. నా ఉద్యోగం పోతే పోద్ది. చేను పని ఎటూ ఉంది. అది మాత్రం బతికిద్దండీ."

అతని ఉద్యోగం గురించి అతనికి బెంగ లేదు. నా ఉద్యోగం గురించి నాకుంది. అవి ఎమర్జెన్సీ రోజులు. ఆలస్యంగా వచ్చారని, ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారని, గుమాస్తాల ఉద్యోగాలు ఊడుతున్న రోజులు. దొంగ సంతకమంటే జైలేనని మా బావమరిది బెదరగొట్టాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. ఇవన్నీ నిజాలే. వీటిలో ఒక్కటీ నాకు సాకుగా పనికిరాదని కూడా నాకు తెలుసు.

"సోమవారం వెళ్దాం" అన్నాను.

సోమవారం యజమాని ఊళ్ళో లేడన్నాను. పై సోమవారం కొలిమి వెలిగించే రోజు, నువ్వు కట్టిన అచ్చుల్లో ఎవరు పోస్తారన్నాను. ఆపై సోమవారం నాకు జ్వరమన్నాను. జ్వరం లేదు. గవర్నర్‌పేటలో లాడ్జి పక్కన కాఫీ హోటల్లో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి పోయాను. ఆ మూడు సోమవారాలూ ఫాదర్‌గారు పెద్ద పుస్తకం గుడ్డలో చుట్టుకుని, డిస్పెన్సరీ మెట్ల దగ్గర మాకోసం కాచుకున్నారట.

నాలుగో సోమవారం నేనే బయల్దేరాను. ఆ మాట నిజం, నమ్మినా నమ్మకపోయినా. చొక్కా తొడుక్కుని, రాత్రి కూర్చుని రాసిన ఒప్పుకోలు కాగితం జేబులో పెట్టుకుని, తిన్నగా శౌరయ్య ఇంటికి వెళ్ళాను. వాకిట్లో జనం ఉన్నారు. అమలమ్మ తెల్లవారుజామున కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పడుకుంటే ఊపిరాడక వారం నుంచి గోడకు ఆనుకునే నిద్రపోతోందట.

శౌరయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్ళాను. "జొరం తగ్గిందాండీ?" అని అడిగాడు.

నా జేబులో కాగితం జేబులోనే ఉంది. సమాధి దగ్గర ఫాదర్‌గారు నాతో మాట్లాడలేదు, నావైపు చూడను కూడా లేదు. ఆయన ఒక్కరే నన్ను మంచివాడనలేదు.

పదిరోజుల తర్వాత శౌరయ్య పనిలోకి వచ్చాడు. సాయంత్రం గంట కొట్టాక నా గదికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మునిసిపాలిటీలో చావు రాయించాలంటగదండీ. నాకు చదువు రాదు. తమరు వెళ్ళి రాయించండి. ఈసారన్నా దాని పేరు దానికి రాయించండి. ఇంకేం అడగను."

ఇంతకంటే చిన్న కోరిక ఒక మనిషి ఇంకొక మనిషిని కోరగలడా?

వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా పుస్తకం తెరిచి, నా మొహం కూడా చూడకుండా, "భర్త పేరు?" అన్నాడు. శౌరయ్య అన్నాను. ఇంటి నంబరు అడిగాడు. చెప్పాను. చెప్తుండగానే గుర్తొచ్చింది. ఇదే భర్త, ఇదే ఇల్లు, ఇదే పేరుతో మూడేళ్ళనాటి పుస్తకంలో ఒక చావు ఉంది. అతను వెనక్కి తిప్పి చూస్తే? ఈ మనిషి ఎన్నిసార్లు చచ్చిందని అడిగితే? అతను తిప్పలేదు. బీరువాలో పాత పుస్తకం ఎక్కడుందో కూడా అతనికి తెలిసి ఉండదు. "చనిపోయినవారి పేరు?" అన్నాడు.

"మణెమ్మ" అన్నాను.

అతను రాసేశాడు. రాసి, ముద్ర వేసి, నకలు నా చేతికిచ్చాడు. మెట్లు దిగుతుంటే నా నోరు నాకే చేదుగా అనిపించింది.

మర్నాడు శౌరయ్య వచ్చాడు. కాగితం ఇచ్చాను. తుడుచుకున్న చేతిని ఇంకోసారి చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకుని కాసేపు చూశాడు. మళ్ళీ నాకే ఇచ్చాడు.

"ఒక్కసారి చదవండి గుమాస్తాగారూ. దాని పేరు వినాలని ఉంది."

నేను కళ్ళజోడు సర్దుకున్నాను. కాగితం మీద మణెమ్మ అని ఉంది, గుండ్రటి అక్షరాలతో, స్పష్టంగా.

"అమలమ్మ" అని చదివాను. "భర్త శౌరయ్య."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బీమా గుర్తింపు చీటీ దాచుకునే బిస్కెట్ల డబ్బాలో పెట్టుకున్నాడు. "తమరు మంచివారండీ" అన్నాడు.

ఇది డెబ్బై తొమ్మిది. శౌరయ్య ఇంకా అచ్చులు కడుతున్నాడు, ఇంకా శిలువ గుర్తే పెడుతున్నాడు. వారం వారం అతని కార్డు మీద స్టాంపు అంటిస్తున్నాను. ఏటా అమలమ్మ పోయిన రోజున డబ్బా తెచ్చి, కాగితం తీసి నా బల్ల మీద పెడతాడు. చదవమంటాడు. చదువుతాను.